అమ్మ ఉతకని పంచె

మా అమ్మ జీవమ్మ దేవతలాంటిదని ఊళ్ళో అందరూ అంటారు. అనేవాళ్ళకేం, నోరు నొప్పా? ఆమె చేతికింద పెరిగింది నేను. ఒక కొడుకు పంచె తానే ఉతికి ఆరేసి, రెండో కొడుకును "నీ పంచె నువ్వు ఉతుక్కో పో" అన్న తల్లిని ఎక్కడన్నా చూశారా? నేను చూశాను. ఆ రెండో కొడుకును నేనే. నా పేరు ఏసన్న.

ఎర్రగుంట్లకు రెండు కోసుల దూరంలో మా ఊరు. చుట్టూ నాపరాళ్ళ గనులు. మా పేటలో ఒక గుడి, ఒక బడి ఉన్నాయి. రెండూ మిషన్‌వాళ్ళు కట్టించినవే. మగవాళ్ళందరిదీ ఒకటే పని, గనిలో దిగి రాయి తీయడం. మా నాయన దావీదురాజు కూడా అదే పని చేశాడు. ముప్పై ఎనిమిదేళ్ళకు పోయాడు. అప్పటికి నాకు ఏడేళ్ళు, అన్నకు పది. నాయనకు దొడ్డికి పోయినప్పుడల్లా నెత్తురు పడేది. "రాయి ఎత్తి ఎత్తి వేడి చేసింది, మూలశంకలే" అన్నారు అందరూ. మజ్జిగ తాగించారు, ఆకుపసరు పోశారు. చివరి ఆరు నెలలు మంచం మీద మనిషి ఉన్నాడో దుప్పటి ఉందో తెలిసేది కాదు. ఆయన పంచెలన్నీ అమ్మే వంకకు తీసుకుపోయి చవుడుమన్ను వేసి రుద్దేది. ఆ పనికి నన్ను రానిచ్చేది కాదు.

మా ఇంట్లో ఇట్లా పోయిన మొదటి మనిషి మా నాయన కాదు. ఆయన తండ్రి, అంటే మా జేజినాయన లేవి, నలభై నిండకుండా ఇదే జబ్బుతో పోయాడు. ఆ జేజినాయన అన్న దావీదు, అంతకుముందే అట్లాగే పోయాడు. మా నాయనకు పెట్టింది ఆ దావీదు పేరే. దీంతో పేటలోని ఆడవాళ్ళు ఒక లెక్క తేల్చారు. పేరు ఎవరిదైతే జబ్బూ వాళ్ళదే. పెద్దల పేరు పెట్టుకున్నవాడు ఆ పేరుతోబాటు వాళ్ళ చావునూ తెచ్చుకుంటాడు. ఈ మాట ప్రసంగంలో పాదిరిగారు చెప్పలేదు, బైబిల్లోనూ లేదు. అయినా మా పేటలో పది ఆజ్ఞల తర్వాత పదకొండోది ఇదే.

మా అన్న పుట్టినప్పుడు మా జేజి, "నా మొగుని పేరు పెట్టకుంటే నేను బాప్తిస్మానికే రాను" అని మొండికేసింది. అమ్మ మూడు రోజులు అన్నం ముట్టలేదట. అయినా జేజి మాటే చెల్లింది, అన్నకు లేవి అనే పేరు పడింది. ఆ రోజు నుంచి అమ్మ ఆ పేరు నోటితో పలకలేదు. పలికితే జబ్బుకు దారి చూపించినట్టవుతుందని భయం. "పెద్దోడా" అనేది, అంతే. నేను పుట్టేసరికి జేజి లేదు. అమ్మ తనవైపు, నాయనవైపు చచ్చినవాళ్ళ పేర్లన్నీ వెతికి, ఎవరికీ లేని పేరు ఏరి నాకు పెట్టింది. "ఏసన్న అనే పేరుతో సచ్చినోడు మన ఇంట్లో ఒక్కడూ ల్యాడు" అని పేటంతా చెప్పుకుంది.

ఇంక చూడండి వైభోగం. పెద్దోడికి పూటపూటా మజ్జిగ, నాకు ఊరిబిండి పచ్చడి. పెద్దోడికి కారం తగలకూడదు, నాకు కారమే కూర. పెద్దోడు రాయి ఎత్తకూడదు కాబట్టి బడికి పోయాడు. పన్నెండేళ్ళు రాగానే నా చేతికి సమ్మెట వచ్చింది. అన్నిటికీ మించి ఆ పంచె సంగతి. రోజూ పొద్దున్నే అన్న పంచె తీసుకుని వంకకు పోవడం, తడిపేముందు నాపబండ మీద పరచడం, వంగి ఈ అంచు నుంచి ఆ అంచుదాకా చూడడం. మరక లేకపోతేనే నీళ్ళలో ముంచేది. తల్లి కడుపు చూస్తుందంటారు, మా అమ్మ పంచె చూసేది.

పదేళ్ళప్పుడు ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "అమ్మా, నా పంచె ఎందుకు ఉతకవు?"

"నీకేంరా, గుండ్రాయి మాదిరి ఉండావు" అంది నా నెత్తిన చేయి పెట్టి.

ఆమె మెచ్చుకునే అంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది. మా అన్న మీద కోపం పెట్టుకుందామన్నా వీల్లేని మనిషి, నోట్లో నాలుక లేనివాడు. తన మజ్జిగ సగం దాచి నాకు పెట్టేవాడు. అది తాగుతూనే వాణ్ణి తిట్టుకునేవాణ్ణి.

అన్న చదివి మా పేట మిషన్ బడిలోనే అయ్యవారయ్యాడు. పెండ్లి మాటెత్తితే, "నాకు ఆయుస్సు ల్యాదు, ఒక పిల్ల బతుకు ఎందుకు పాడుజేయాల" అనేవాడు. ఆ మాట కోపంగానో ఏడుస్తూనో అని ఉంటే బాగుండేది. ఈ రోజు ఎండెక్కువగా ఉంది అన్నట్టు అనేవాడు. నేను మాత్రం ఇరవయ్యేళ్ళకే కృపమణిని చేసుకుని, ఇద్దరు ఆడపిల్లల తండ్రినయ్యాను. గుండ్రాయిని కదా.

పందొమ్మిది వందల నలభై ఒకటి. అన్నకు ఇరవై తొమ్మిది దాటాయి. ఒక పొద్దున అన్న పంచె మీద అమ్మకు ఎర్రటి చుక్క ఒకటి కనబడింది, కందిబేడంత. నీళ్ళ కడవ వంక దగ్గరే వదిలేసి ఇంటికి వచ్చింది. బండి కట్టించి అన్నను ఎక్కించుకుని, పదిమైళ్ళ దూరంలోని మిషన్ ఆసుపత్రికి పోయింది. ఆ ఆసుపత్రికి మద్రాసులో చదివిన ప్రకాశం అనే డాక్టరు కొత్తగా వచ్చాడు. అక్కడ జరిగింది తర్వాత అన్న చెప్పగా విన్నాను.

డాక్టరు మొదట అన్న పొట్ట నొక్కలేదు. కాగితం తీసుకుని, "మీ ఇంట్లో ఇట్లా నెత్తురు పడి పోయినవాళ్ళు ఎవరెవరమ్మా?" అని అడిగాడట. అమ్మ వేళ్ళు ముడుస్తూ చెప్పింది. "మా మామ. ఆయన అన్న దావీదు. నా మొగుడు."

"ఆడవాళ్ళు?"

"ఆడోళ్ళు ఎవురూ ల్యారయ్యా."

అన్న మెల్లగా, "గిడ్డమ్మత్త?" అన్నాడు. గిడ్డమ్మ మా నాయన చెల్లెలు. బద్వేలు పక్క ఇచ్చారు. ముప్పై ఐదేళ్ళకు పోయింది.

"అది కాన్పులో పోయె" అంది అమ్మ.

"కాన్పయిన ఎన్నాళ్ళకు పోయిందమ్మా?"

"రెండేండ్లకు."

డాక్టరు కలం కింద పెట్టాడు. "రెండేళ్ళ తర్వాత పోతే అది కాన్పు ఎట్లవుతుందమ్మా? ఆమెకూ నెత్తురు పడేదా?"

అమ్మకు అప్పుడు గుర్తొచ్చిందట. పడేది. చీరెలు దాచుకుని దాచుకుని ఉతుక్కునేదని గిడ్డమ్మత్త ఆడబిడ్డ ఎప్పుడో చెప్పింది. అమ్మ తనలో తాను అనుకున్నట్టుగా పైకే అనేసింది, "గిడ్డమ్మకు ఎవరి పేరు పెట్టినారబ్బా? ఎవరి పేరూ పెట్టల్యాదే." డాక్టరుకు ఆ మాట అర్థం కాలేదు. మా అన్నకు అర్థమైంది, పేరు లెక్క అక్కడే తప్పిందని.

తర్వాత డాక్టరు అన్నను లోపలికి తీసుకుపోయి, చివర చిన్న దీపం ఉన్న గొట్టం ఒకటి వెనకనుంచి పెట్టి పేగు లోపల చూశాడు. ఆ సంగతి వర్ణించనులెండి, నాకూ జరిగింది. బయటికొచ్చి చేతులు కడుక్కుంటూ, "ఇతనికి ఏమీ లేదమ్మా. బయటి అంచు దగ్గర చిన్న పగులు ఉంది, దాని నెత్తురే ఆ చుక్క. వారం రోజులు మందు పూస్తే పోతుంది" అన్నాడు.

అమ్మ నమ్మలేదు. "ఈ మాయదారి జబ్బు వీనికి రాలేదా?"

"రాలేదు. ఈ ఇంటి జబ్బు ఉంటే ఈ వయసుకు లోపల కనిపించి తీరాలి. పేగు శుభ్రంగా ఉంది. ఇక రాదు."

అప్పుడు మా అమ్మ ముప్పై ఏళ్ళ తర్వాత మొదటిసారి వాడి పేరు పెట్టి పిలిచింది. "లేవీ" అంది. "లేవీ, ఇన్నావురా?" అంది. మా అన్న, పిల్లలకు ఎక్కాలు చెప్పే అయ్యవారు, ఆసుపత్రి వరండాలో కూర్చుని పసివాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుస్తూ అడిగాడట, "ఇంగ నేనేం జేయాలమ్మా?" అని. బతుకుతానని వాడు ఎన్నడూ అనుకోలేదు పాపం, ఆ ఏర్పాటేదీ చేసుకోలేదు.

కథ అక్కడితో అయిపోతే ఎంత బాగుండేది! డాక్టరు మళ్ళీ కాగితం తీశాడు. "ఇంకా ఎంతమంది పిల్లలు?"

"ఇంగొకడు ఉండాడయ్యా. వానికేం భయంల్యా. వాని పేరు ఏసన్న."

"పేరు అడగలేదమ్మా. ఎక్కడున్నాడని అడుగుతున్నాను." అట్లా అని, ఓపికగా చెప్పాడట. ఈ జబ్బు పేరువెంట రాదు, నెత్తురువెంట వస్తుంది. జబ్బున్నవాడి పిల్లల్లో ఇంచుమించు సగంమందికి వస్తుంది, సగంమందికి రాదు. ఎవరికన్నది మొహం చూసి చెప్పలేం, కండ చూసి చెప్పలేం, లోపల చూడాల్సిందే.

మరుసటి రోజు మిట్టమధ్యాహ్నం నేను గనిలో రాయి కింద గడ్డపార పెట్టి లేపుతున్నాను. పైనుంచి అమ్మ గొంతు వినిపించింది. "ఏసన్నా, పైకి రారా."

ఎక్కి వచ్చాను. ఎండలో నడిచొచ్చి చెమటలు కారుతూ ఉంది. పెద్దోడికి ఏమీ లేదని చెప్పింది. సంతోషం వేసిన మాట నిజం, నేనేం రాక్షసుణ్ణి కాదు. ఆ వెంటనే, "ఇప్పుడు నిన్ను సూడాలంట, బండి నిలబెట్టి వస్తి" అంది. అప్పుడు మాత్రం ఇరవై ఏళ్ళ కోపం ఒక్కసారిగా పొంగింది.

"నన్నేంటికి సూడాల? నాది సచ్చినోళ్ళ పేరు కాదు గదా. నువ్వే గదా ఏరి పెట్టినావు?"

"పేరు కాదంట నాయనా. మనం తప్పు పట్టుకున్యాం."

"ముప్పై ఏండ్లు వాని సుట్టే తిరిగితివి. ఇప్పుడు వాడు బాగుండాడని తెలిసినాక, పొద్దుపోక నా కాడికి వచ్చినావా? నాకు పనుండాది, పో."

ఇంత మాట అన్నాను కన్నతల్లిని. ఆమె నొచ్చుకోలేదు. నా మొహంలోకి చూసి, "నీకు నెత్తురు పడతాందా?" అని అడిగింది.

"ల్యాదు" అన్నాను.

గని పక్కన తంగేడు చెట్టు మీద నా రెండో పంచె ఆరేసి ఉంది. పొద్దున కృపమణిని కూడా ముట్టనివ్వకుండా నేనే రుద్ది రుద్ది ఉతికింది. ఇంకెవరు చూసినా దాన్ని తెల్లపంచె అనే అంటారు. మా అమ్మ చేతుల్లోకి తీసుకుని ఎండకు అడ్డంగా ఎత్తి పట్టుకుంది. ముప్పై ఏళ్ళుగా అదే పని చేసిన కళ్ళు అవి. ఒకచోట ఆగాయి. పంచె కిందికి దించి అడిగింది, "ఎన్నాళ్ళనుంచి?"

"రెండేండ్లు" అన్నాను. "రాయి ఎత్తినందుకులేమ్మా, వేడి..."

"మీ నాయనా ఇదే మాట చెప్పె!" అని ఆ పంచెతోనే నా వీపు మీద రెండు బాదింది. మూడోదానికి చేయి లేవలేదు. అక్కడే రాళ్ళ మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎందుకు దాచావని తర్వాత చాలామంది అడిగారు. ఏం చెప్పను? మొదట నేనూ ఆ పేరు లెక్కనే నమ్మాను. ఆ పేరు నాది కాదు కాబట్టి ఆ జబ్బూ నాది కాదనుకున్నాను. రెండోది, ఇంట్లో భయపడడానికి ఒకడున్నాడు, చాలు. నేను గుండ్రాయిని. గుండ్రాయికి నెత్తురు రాకూడదు. మూడోది కూడా ఉంది. ఒకసారి మరక పడ్డ పంచె కావాలనే ఇంట్లో వదిలేసి పోయాను, అమ్మ చూస్తుందేమోనని. సాయంత్రం వచ్చేసరికి అది అక్కడే ఉంది.

బండి ఎక్కాను. ప్రకాశం డాక్టరు గొట్టం పెట్టి చూశాడు. మా అన్నను చూసినంత తొందరగా నన్ను వదల్లేదు. బయటికి వచ్చి మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాడు. "పేగు గోడ మీద కొర్రగింజలు చల్లినట్టు గడ్డలున్నాయి. ఒకటి రెండు కాదు, లెక్కలేనన్ని. ఇప్పటికి అవి ఉత్త గింజలే. అట్లాగే వదిలేస్తే ఏదో ఒకటి రాచపుండు అవుతుంది. మీ నాయనకు, మీ తాతకు అయింది అదే."

"వదిలేయకుంటే?" అంది అమ్మ.

"మద్రాసు పెద్దాసుపత్రికి ఉత్తరం ఇస్తాను. పెద్దపేగు తీసేసి, చివర జానెడు ముక్క మిగిల్చి, చిన్నపేగును దానికి కలిపి కుడతారు. మిగిలిన ముక్కలో గింజలు వచ్చినప్పుడల్లా గొట్టంలోంచి నేనే కాల్చేస్తాను. ఆరునెలలకొకసారి రావాలి, బతికినన్నాళ్ళూ రావాలి. ఆపరేషన్ చిన్నది కాదమ్మా. బల్లమీద పోయినవాళ్ళూ ఉన్నారు."

చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది మా అమ్మ పని. వరండాలో నా పక్కన కూర్చుంది. నా చేయి పట్టుకుంది. ఎండిన చవుడు అంటుకున్న చేయి, గరుగ్గా ఉంది. "పెద్దోని పంచె రోజూ సూస్తి. నీది ఒక్కనాడన్నా సూడకపోతినే నాయనా. సూసింటే రెండేండ్ల కిందటే తెలిసేది గదా."

ఇన్నేళ్ళూ నేను వినాలనుకున్న మాట అదే. తీరా వినేసరికి వద్దనిపించింది. "నాకు మంచి పేరే పెట్టినావులేమ్మా, పేరుదేం తప్పుల్యా" అన్నాను. ఏడుస్తూనే నవ్వింది.

మద్రాసుకు అన్నే తోడు వచ్చాడు. నాలుగు నెలల్లో రెండుసార్లు కోశారు. మధ్యలో ఒక వారం జ్వరంతో నేను లోకంలో లేను. ముప్పై ఏళ్ళు తన పంచె తాను ఉతుక్కోని మనిషి, ఆ నాలుగు నెలలూ నా గుడ్డలు ఉతికాడు. మొదటిరోజు సబ్బంతా ఒక్క పంచెకే అరగదీశాడట, పక్క మంచం ముసలాయన నవ్వితే నాకు మెలకువ వచ్చింది. నాకు కాస్త కూర్చునే ఓపిక వచ్చాక, చదవడం రాయడం దిద్దించాడు. నాలుగో తరగతితో ఆపేసిన చదువు ఆసుపత్రి మంచం మీద సాగింది. ఇప్పుడు ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే వాడి పుణ్యమే.

ఇంటికి వచ్చాక మొదటి ఏడాది రోజుకు ఆరేడుసార్లు చెంబు పట్టుకుని పరుగు. "మా ఆయప్ప గట్లు కొలిచే ఉద్యోగంలో చేరినాడు" అని కృపమణి అందరిముందూ ఎగతాళి చేసేది. ఆ ఎగతాళి లేకపోతే సిగ్గుతోనే చచ్చేవాణ్ణి. రాయి ఎత్తే పని మానేశాను. ప్రకాశం డాక్టరు ఆసుపత్రి గేటు దగ్గర నాకు పని ఇచ్చాడు, సైకిలు మీద పోయి వస్తుంటాను. వచ్చినవాళ్ళు మూలశంక అని చెప్పుకుంటే చాలు, "మీ నాయన ఎట్ల పోయినాడప్పా?" అని నేనే ముందు అడుగుతాను. కొందరు తిడతారు, తిట్టనీ. అన్న మరుసటి ఏడే పెండ్లి చేసుకున్నాడు. జబ్బు తప్పించుకున్నవాడి పిల్లలకు భయం లేదని డాక్టరు చెప్పాడు. నా పిల్లలకు అట్లా కాదు. పన్నెండేళ్ళు రాగానే ఇద్దరినీ చూపించాలి. పెద్దదానికి ఇంకా రెండేళ్ళుంది.

ఇక పంచె సంగతి. మద్రాసునుంచి వచ్చిన మరునాడు పొద్దున చూస్తే దండెం మీద నా పంచె లేదు. వంకకు పరుగెత్తాను. అమ్మ దాన్ని బండ మీద పరిచి, వంగి చూస్తోంది. ఇరవై ఏడేళ్ళ మగవాణ్ణి, ఇద్దరు బిడ్డల తండ్రిని, సిగ్గేసింది. "ఇయ్యమ్మా, నేను ఉతుక్కుంటా" అన్నాను. "పోరా" అంది తలెత్తకుండానే. పోయాను.

ఐదేళ్ళు రోజూ అదే పని. చివర్లో ఆమె కళ్ళకు పొర కమ్మింది. పంచె పరిచి తడుముతూ నన్ను పిలిచేది. "ఏసన్నా, తెల్లగా ఉండాదా సూసి చెప్పు." తెల్లగా ఉండాదమ్మా అంటే, "నీ మాట నమ్మను. గని కాడ అబద్దం చెప్పినోడివి. లేవిని పిలువు" అనేది. అన్న బడి వదిలి వచ్చి చూసి, "తెల్లగా ఉండాదమ్మా" అంటేనే నీళ్ళలో ముంచేది. వాడి మాట మీద ఆమెకున్న నమ్మకం చూసి నాకు కోపం రాకపోవడం నాకే వింతగా ఉండేది.

ఈ ఏడు ఎండాకాలంలో అమ్మ పోయింది. ముసలితనంతో, నిద్రలో. మా ఇంట్లో అట్లా పోయినవాళ్ళను నేను చూడడం అదే మొదలు. గుడివెనక సమాధుల తోటలో నాయన పక్కనే పెట్టాం.

మరునాడు పొద్దున నా పంచె తీసుకుని నేనే వంకకు పోయాను. అలవాటు కొద్దీ బండ మీద పరిచాను. చూశాను. కళ్ళనిండా నీళ్ళు, ఏమీ కనబడలేదు. ఎవరిని పిలవాలో తెలియలేదు, అట్లాగే నిలబడ్డాను.

వెనక చప్పుడైంది. నేను పిలవకుండానే మా అన్న వచ్చాడు. కళ్ళద్దాలు సవరించుకుని, అమ్మ వంగినట్టే వంగి, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా చూశాడు.

"తెల్లగా ఉండాదిరా" అని పంచెను నీళ్ళలో ముంచాడు.